బెల్లం గదిలో సూడిదలు

సీమంతాన్ని మా వైపు సూడిదలంటాం, అక్కని అప్ప అంటాం. పోయిన నెల చోడవరంలో మా అప్ప మనవడి భార్యకి సూడిదలు చేశారు. రెండో కాన్పు. బస్టాండుకి కాస్త అవతల కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు, లోపల ఏసీ, గులాబీ రంగు బెలూన్లు, గుమ్మంలోనే పన్నీరు చల్లే యంత్రం. మొదటి పిల్లకి నాలుగేళ్ళుంటాయి. దాని భుజం మీంచి నడుం దాకా 'కాబోయే అక్క' అని మెరుపు అక్షరాలు రాసిన పట్టీ కట్టారు. తల్లి చేతికి మొదటి గాజు దాని చేతే తొడిగించారు. తర్వాత ఎవరో మైకు అందిస్తే ఆ గుంట తల్లి పొట్టకి మూతి ఆనించి, "బేబీ, తొందరగా రా, నా సైకిలు నీకిచ్చేస్తాను" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇలాంటి హడావుడి చూస్తే మొహం ముడుచుకునే వయసే నాది, కానీ ఆ పిల్ల ముద్దుగా ఉంది. పుట్టబోయేది తనకి ఏమవుతుందో దానికి తెలుసు. దానికి ఎవరో కూర్చోబెట్టి చెప్పారు. అంతవరకూ నాకు నచ్చింది.

అప్పుడు మా అప్ప మైకు తీసుకుంది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళు సహకరించక స్టేజి మీది సోఫాలోంచే మాట్లాడింది. "మా రోజుల్లో ఇయ్యన్నీ ఎక్కడున్నాయర్రా? నా సూడిదలకి మాయమ్మ కూడా కడుపుతోనే ఉంది. నాతో పోటీకి దిగింది మహాతల్లి!" హాలంతా గొల్లుమంది. వెనక వరసలోంచి ఎవరో, "అదిగో, ఆ పోటీలో పుట్టిందే!" అని మా ఆఖరి చెల్లెలు చిట్టి వైపు చెయ్యి చూపించారు. చిట్టికి యాభై దాటాయి. అనకాపల్లిలో స్కూలు టీచరు. తల దించుకుని, ఒళ్ళో ఉన్న చేతిరుమాలు మడతపెడుతూ తనూ నవ్వింది. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, ఆఖరికి దినాల భోజనాల దగ్గర కూడా ఈ జోకు విని అది ఇలాగే నవ్వుతూ వచ్చింది. లేచి స్టేజి దాకా నడిచి, "ఇంక చాలప్పా" అన్నాను. "ఏటే, ఊరికే సరదాకన్నాను" అంది అప్ప. "అమ్మ పోయింది. ఇంకా ఎన్నాళ్ళు నవ్విస్తావు ఆవిడ మీద?" అన్నాను. మైకు పక్కనే ఉండడంతో ఆ మాట హాలంతా వినిపించింది. ఎవరో గబగబా పాట పెట్టించారు.

ఆ జోకు వెనక జరిగిందేమిటో ఆ హాల్లో అప్పకి, నాకు తప్ప తెలిసినవాళ్ళు లేరు.

మాది చెరకు పండించే ఇల్లు. వీధి వైపు అరుగులు, మధ్య హాలు, వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు. పెరట్లో ఒక మూల కిటికీ లేని గది. గానుగ దగ్గర వండిన బెల్లం దిమ్మల్ని గోనెల మీద పేర్చి పెట్టే గది అది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ వస్తువు వాసన చూసినా కాస్త బెల్లం వాసన ఉండేది. బట్టలకీ, పుస్తకాలకీ, మా జడలకీ. దాంతో పాటు మామ్మ చుట్ట వాసన. మామ్మ అంటే మా నాన్న తల్లి. నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. అలా పొగ తాగుతూనే మాట్లాడేది, తాగుతూనే తిట్టేది. అమ్మ చీకటుండగానే లేచి కళ్ళాపి చల్లి, పాలు పితికి, పొయ్యి రాజేసేది. మేము లేచేసరికి ఆమె ఒక పూట పని పూర్తి చేసి ఉండేది. చెరకు నరికే రోజుల్లో కూలీలకి గంజి కాచి, ఆ కుండలు నెత్తిన పెట్టుకుని తోట దాకా తనే మోసుకెళ్ళేది. నాన్న లేచేటప్పటికి కాఫీ గ్లాసు ఆయన చేతికందే దూరంలో ఉండాలి. ఆయన గొంతెత్తి అరిచే మనిషి కాదు, చెయ్యి చేసుకునే మనిషీ కాదు. ఊళ్ళో అందరూ దేవుడనేవారు. ఇంట్లో ఎంత రగడ జరుగుతున్నా తువ్వాలు భుజాన వేసుకుని తోటకి వెళ్ళిపోవడం ఆయన పద్ధతి. దాన్నే శాంతం అనుకునేవాళ్ళం.

అప్పకి పంతొమ్మిదేళ్ళు. దేవరాపల్లిలో ఇచ్చారు. కడుపుతో ఉందని కబురొస్తే ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. అదే రోజుల్లో అమ్మకి ఒంట్లో బాగుండేది కాదు. జన్మంతా బెల్లం మధ్య బతికిన మనిషి, పాకం వాసన తగిలితే చాలు పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకునేది. ఏ జ్వరమో అనుకుని భయపడ్డాను. నాకప్పుడు పదకొండేళ్ళు. ఒక పొద్దున్న అమ్మ నూతి గట్టు పట్టుకుని వంగి ఉంటే మామ్మ చుట్ట నోట్లోంచి తీసి, పక్కింటివాళ్ళకి కూడా వినపడేలా అంది: "సిగ్గు నేదేటే నీకు? కూతురు నీళ్ళోసుకున్న ఏడాది తల్లికి నెల తప్పడమేటి? వియ్యాలోరి మొకం ఎలా సూడాల?" నాకు చెల్లో తమ్ముడో పుట్టబోతున్నారన్న కబురు నాకు చేరింది అలాగే. కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. ఒక తిట్టులోంచి ఏరుకున్నాను.

నాన్న అప్పుడు అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాడు. అన్నీ విన్నాడు. పుక్కిలించి ఉమ్మి, తువ్వాలు తీసుకుని తోటకి వెళ్ళిపోయాడు. మామ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆరోజే కాదు, తర్వాత కూడా ఎవ్వరూ అనలేదు. ఆ కడుపు అమ్మ ఒక్కతే ఎక్కణ్ణుంచో తెచ్చుకున్నట్టు మాట్లాడారు. వీధిలో ఆడవాళ్ళు నూతి దగ్గర మూతులు బిగించి నవ్వుకునేవారు. నాన్న ఎదురైతే మాత్రం పక్కకి తప్పుకుని పైట సర్దుకునేవారు.

మా అన్నయ్య సూరిబాబు కాలేజీలో చేరిన కొత్త. స్నేహితులు ఏమన్నారో ఏమో, ఒకరోజు సైకిలు గోడకి విసిరికొట్టి లోపలికొచ్చాడు. ఆనాటి నుంచి అమ్మతో మాట్లాడడం మానేశాడు. కంచం తనే పెట్టుకునేవాడు. అమ్మ అడిగితే గోడవైపు చూసి జవాబు చెప్పేవాడు. మాడుగుల నుంచి మా మేనత్త వచ్చి, మామ్మతో గుసగుసలాడి, ఎవరి దగ్గరో కాయించి తెచ్చిన కషాయం ఒక చెంబుతో అమ్మకిచ్చింది. "పరగడుపున తాగీ వదినా, ఎవరికీ తెలీదు, అంతా సర్దుకుంటాది" అంది. అమ్మ ఆ చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్ళి అరటిచెట్టు మొదట్లో ఒంపేసింది. నేను అక్కడే ఉన్నాను. అమ్మ నన్ను చూసి ఏమీ దాచలేదు. చెంబు బోర్లించి కడిగి, లోపలికెళ్ళి అత్తకి తిరిగిచ్చేసింది.

అప్ప సూడిదలకి పుట్టింటికొచ్చింది. వచ్చీ రాగానే అమ్మ పొట్ట చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఉత్తరాల్లో ఎవరూ రాయలేదు మరి. ఆ సాయంత్రమంతా గదిలో ఏడ్చింది. మా అత్తారింట్లో తలెత్తుకోలేనంది. అమ్మ జడ వేస్తానని దువ్వెన పట్టుకెళితే వద్దంది. మామ్మ తీర్మానం చెప్పింది. ఒకే ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళు ఇద్దరుంటే శుభకార్యంలో ఒకరికొకరు ఎదురుపడకూడదట. అందుకని ఆరోజు పేరంటాళ్ళు వెళ్ళేదాకా అమ్మ బెల్లం గదిలో ఉండాలట. అదేం ఆచారమో నాకు తెలీదు. అదివరకు వినలేదు, ఆ తర్వాత ఎక్కడా చూడలేదు. అత్తవారివైపు వాళ్ళ కళ్ళకి ఆ పొట్ట కనిపించకుండా దాచడానికి మామ్మ అప్పటికప్పుడు పుట్టించిన ఆచారం అది. అమ్మకి ఏ వాసన పడదో మామ్మకి తెలుసు. ఆ గదే చూపించింది.

ఆ పొద్దున్న వంటంతా అమ్మే చేసింది. పులిహోర కలిపింది, బూరెలు వేసింది, చలిమిడి తొక్కింది. వియ్యాలవారి బండి వీధి మలుపులో కనిపించగానే మామ్మ, "ఇంక ఎల్లు" అంది. అమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఆ కిటికీ లేని గదిలోకి వెళ్ళి కూర్చుంది. హాల్లో అప్పకి పసుపు రాశారు, గంధం పూశారు. తల్లి కూర్చోవలసిన చోట మా మేనత్త కూర్చుని మొదటి గాజు తొడిగింది. "వియ్యపురాలేరీ?" అని అప్ప అత్తగారు అడిగితే మామ్మ తడుముకోకుండా, "దానికి జొరం" అంది. అప్ప పక్కనే ఉంది. నోరు విప్పలేదు. నాన్న వీధరుగు మీద వియ్యంకుడి పక్కన కూర్చుని తాంబూలం వేసుకుంటూ, తాత కాబోతున్నందుకు అందరి చేతా అభినందనలు అందుకుంటున్నాడు.

గాజులాయన ఆడపిల్లలందరికీ వరసగా తొడుగుతున్నాడు. నా వంతు వచ్చినప్పుడు, "నాకొద్దు, మాయమ్మకియ్యి" అని పెద్ద సైజు ఆకుపచ్చ గాజులు చేతిలో పట్టుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి ఆకు తీసుకుని బూరెలు పెడుతుంటే మామ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఎవరికే గుంటా?"

"అమ్మకి. పొద్దున్నించి ఏమీ తిన్లేదు."

"ఆగు. ముందు వియ్యాలోరు తినాల. అదేటి సచ్చిపోదులే."

"తనే వండింది కదా!" అని అరిచాను. మామ్మతో గొంతెత్తడం అదే మొదలు. వడ్డనకి బూరెల కోసం ఖాళీ బుట్టతో వచ్చిన సూరిబాబు గుమ్మంలో ఆగిపోయాడు. "అమ్మ తిన్లేదా?" అన్నాడు. వాడు బుట్ట కింద పెట్టి, నా చేతిలో ఆకు తీసుకుని, పులిహోర, బూరెలు, అప్పకి ఒళ్ళో పెట్టడానికి ప్రత్యేకంగా తీసి ఉంచిన చలిమిడిలోంచి ఒక పెద్ద ముద్ద, అన్నీ పెట్టాడు. మామ్మ, "ఒరే, ఒరే" అంటూనే ఉంది. వాడు పెరడు దాటి నడిచాడు. నేను వెనకాల పరిగెత్తాను.

గదిలో ఈగలు, కందిరీగలు ముసురుతున్నాయి. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గోనె మీద కూర్చుంది. చెమటకి జాకెట్టు తడిసిపోయింది. సూరిబాబు ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు. ఎన్నాళ్ళుగానో మాట్లాడనివాడు కదా, మాట ఎలా మొదలెట్టాలో తెలియలేదు. "తినమ్మా" అన్నాడు. అమ్మ వాడి మొహం చూసి ఒక బూరె తీసుకుంది. ఆకలితో ఉన్న మనిషి ఎంత తొందరగా తింటుందో ఆరోజు చూశాను.

నేను గాజులు తీశాను. అమ్మ చేతులు వాచి ఉన్నాయి. ఎంత తోసినా ఎక్కలేదు. సూరిబాబు నా చేతిలోంచి లాక్కుని తొడగబోయాడు. అమ్మ మొదటిసారి నవ్వింది. "నువ్వు తొడక్కూడదురా, మగోడివి."

"మరెవరు తొడుగుతారే? అందరూ అక్కడే ఉన్నారు కదా" అన్నాడు వాడు. తర్వాత నేల చూస్తూ అన్నాడు: "లోపలున్నది నాకు తమ్ముడో చెల్లో. నేను తొడుగుతాను."

గాజుల్లో కొన్ని చిట్లాయి. మిగిలినవి ఎక్కాయి. పసుపు తేవడం మర్చిపోయామని అంటే అమ్మ పరవాలేదంది. చలిమిడి ముద్ద విరిచి మా ఇద్దరి నోట్లో పెట్టి, తనూ తింది. మా చేతులు తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. లోపల ఏదో గట్టిగా తన్నింది. సూరిబాబు ఉలిక్కిపడి చెయ్యి తీసేసి, మళ్ళీ పెట్టాడు. "పోట్లాడుతాదే ఇది" అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. చిట్టి ఈ లోకంలోకి రాబోతున్నందుకు జరిగిన పండగ అదొక్కటే.

మామ్మ వచ్చింది. అమ్మ చేతులు చూసింది. "ఆ గాజులు తీసీ. ఎవరైనా సూస్తే నవ్విపోతారు."

"తియ్యను అత్తా."

"ఏటీ?"

"తియ్యనన్నాను. నేనేటి దొంగతనం సేసేనా? ఈ బిడ్డెవరిదో మీ కొడుకునడగండి. ఆయన్నీ తెచ్చి ఈ గదిలో కూకోబెట్టండి, నేనూ కూకుంటాను."

అమ్మ నోట అలాంటి మాట వస్తుందని మామ్మ అనుకోలేదు. అమ్మ గోడ పట్టుకుని లేచింది. పెరడు దాటి, వంటిల్లు దాటి, పొట్టతో, గాజులతో హాల్లోకి నడిచింది. అమ్మ పళ్ళెంలో అక్షింతలు తీసుకుని అప్ప దగ్గరికి వెళ్ళింది. అప్ప మొహం పక్కకి తిప్పుకుని, పక్కనున్న నాకు వినిపించేంత గొంతుతో, "ఎందుకొచ్చేవే అమ్మా, నా పరువు తియ్యడానికా?" అంది. వీధి గుమ్మంలోంచి నాన్న అమ్మని చూశాడు. అన్ని నెలల్లో ఆ విషయం మీద ఆయన నోరు తెరవడం అదే మొదలు, అదే ఆఖరు. "లోపలికెళ్ళు" అన్నాడు.

అమ్మ వెళ్ళలేదు. తిప్పుకున్న ఆ తల మీదే అక్షింతలు వేసింది. తర్వాత ఆడవాళ్ళు భోజనాలకి కూర్చుంటున్న వరసలోకి వెళ్ళి, అప్ప అత్తగారి పక్కన ఖాళీ చూసుకుని కూర్చుని, "సూరీ, నాకు ఆకెయ్యి" అంది. వాడు వేశాడు. ఆ అత్తగారు మంచావిడ. కాస్త జరిగి, "కూకోండి వదినా, జొరం తగ్గిందా?" అంది.

తర్వాత చెప్పుకోదగ్గ పండగలేవీ లేవు. ఇద్దరి పురుళ్ళూ ఒకే ఇంట్లో కూడదని అప్పని మాడుగుల మేనత్త ఇంటికి పంపారు. అమ్మని వెళ్ళనివ్వలేదు. నిండు నెలలు. "కూతురికి పురుడు పొయ్యలేని తల్లి" అన్న మాట కూడా అమ్మకే అంటగట్టారు. అప్పకి కొడుకు పుట్టాడు. కొన్నాళ్ళకి ఇక్కడ చిట్టి పుట్టింది. కొడుకు వరసయ్యేవాడికంటే చిన్నదైన పిన్ని అని ఊరంతా వేళాకోళం చేసింది. సూరిబాబు మాత్రం దాన్ని చంకనేసుకుని వీధంతా తిరిగేవాడు, సైకిలు బారు మీద కూర్చోబెట్టుకుని బడికి దింపేవాడు. వాడు పోయి రెండేళ్ళయింది. ఉండి ఉంటే ఆ హాల్లో మైకు దగ్గరికి నాకంటే ముందు వాడే వెళ్ళేవాడు.

ఫంక్షన్ హాల్లో పాట ఆగాక భోజనాలకి లేచారు. చిట్టి నా చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో అప్పని నడిపించుకుంటూ పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేసే గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది. "చిన్నప్పా, ఈవేళ సెప్పు. నేను కడుపులో ఉన్నప్పుడు ఏటి జరిగింది?" అంది. ఇన్నేళ్ళూ అది అడగలేదు. అమ్మ చెప్పొద్దని మా చేత మాట తీసుకుంది, దానికి తెలిస్తే బాధపడుతుందని. అప్ప ఎదురుగానే అంతా చెప్పాను. ఏదీ తగ్గించలేదు. పరువు మాట కూడా చెప్పాను. సూరిబాబు గాజులు తొడిగిన సంగతి విన్నప్పుడు చిట్టి కళ్ళు తుడుచుకుంది. మిగతాదంతా ఏడవకుండానే విన్నది.

అప్ప తన మోకాళ్ళు రాసుకుంది. "నాకప్పుడు పంతొమ్మిదేళ్ళే" అంది. "మాడుగుల్లో నొప్పులొస్తంటే అమ్మా, అమ్మా అని అరిచేను. రాలేదు. అత్త నోరు మూసుకోమంది. ఆ కోపం నాకు పోలేదే. జోకేస్తే పోతాదనుకున్నాను. ఏసినకొద్దీ అందరూ నవ్వేరు, నేనూ ఏస్తన్నాను." నేను తగ్గలేదు. "అమ్మ కావాలని మానేసిందా? వెళ్ళనిచ్చేరా?" అన్నాను. "ఇప్పుడు తెలుస్తంది. అప్పుడు తెలీలేదు" అంది అప్ప. ఆ మాటతో నా కోపం పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. అమ్మ ముందు తిప్పుకున్న ఆ మొహం నాకింకా కనిపిస్తూనే ఉంది. కానీ ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల, వాంతులతో బెల్లం గదిలో కూర్చున్న నడివయసు మనిషి, ఇద్దరినీ ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పి వదిలేశారన్నది మాత్రం మొదటిసారి నాకు తట్టింది.

చిట్టి అప్పతో, "ఇంకెప్పుడూ అమ్మ మీద ఆ మాట అనకు పెద్దప్పా. అంటే నీ గుమ్మం తొక్కను" అంది. అప్ప తల ఊపింది. బయట ఎవరో భోజనానికి రమ్మని తలుపు తట్టారు. చిట్టి లేవలేదు.

"అమ్మని తిట్టింది మామ్మ. మొకం తిప్పుకున్నది పెద్దప్ప. కషాయం తెచ్చింది అత్త. ఇన్నేళ్ళూ నవ్విందేమో నేను. మనమంతా ఆడోళ్ళమే" అంది. తర్వాత మా ఇద్దరినీ చూస్తూ అడిగింది: "నాన్న నన్ను ఎప్పుడైనా ఎత్తుకున్నాడా? మీకెవరికైనా గుర్తుందా?"

అప్ప నా వైపు చూసింది. నేను అప్ప వైపు చూశాను. దేవుడని ఊరంతా పేరు పెట్టిన మనిషి. అరవని, కొట్టని, తువ్వాలు భుజాన వేసుకుని తోటకి వెళ్ళిపోయే మనిషి. ఇద్దరం ఎంత వెతికినా మాకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.